సగం దించిన షట్టర్

సినిమా హీరో పోయాడని వీధి వీధంతా కొట్లు కట్టేసి ఏడుస్తోంది. సెలూన్ బాబాయి మాత్రం షట్టర్ సగం దించి, దాని కింద నుంచి దూరి వచ్చిన పెళ్లికొడుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

“బతికించావు బాబాయ్. సాయంత్రమే పెళ్లి, ఊళ్లో ఒక్క సెలూనూ తెరిచి లేదు. అయినా నీకు ఏడుపు రావట్లేదా?”

“పొద్దున్నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాన్రా. కళ్లలో సబ్బు నురగ కూడా పెట్టుకున్నా. మండిందే గానీ ఏడుపు రాలేదు.”

“నీది గుండె కాదు, బండరాయి.”

“ముప్పై ఏళ్లుగా లక్ష తలలకి ఆయన క్రాపే కొట్టానురా. సరేగానీ, నీకెలా కొట్టమంటావు?”

పెళ్లికొడుకు సిగ్గుపడుతూ గోడమీది హీరో ఫొటో చూపించాడు.

“అదీ సంగతి. పొద్దున్నుంచి నువ్వు నాలుగోవాడివి. ఆయన ఇలా వరసగా వచ్చి నా కుర్చీలో కూర్చుంటుంటే, పోయాడంటే ఎలా నమ్మను? తల వంచు.”