మూణ్ణాళ్ళ ముచ్చటకు ఇంగ్లీషు

బట్టల కంపెనీ వరండాలో, ఇంటర్వ్యూకి వచ్చిన అత్తగారి పక్కన కోడలు కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా ఇంట్లోనే మిషను కుట్టిన మనిషికి ఈ వయసులో ఇది మొదటి ఉద్యోగ ప్రయత్నం. ఆవిడకంటే కోడలికే కంగారెక్కువ.

"ఇంకొక్కసారి చెప్పండి అత్తయ్యా. ట్రెండ్ అంటే?"

"జనమంతా మెల్లగా ఒక దారికి మళ్ళడం."

"క్రేజ్?"

"వేలంవెర్రి."

"ఫ్యాడ్?"

"మూణ్ణాళ్ళ ముచ్చట. తెలుగులో అన్నీ తెలుసే అమ్మాయ్, ఇంగ్లీషుకే నాలుక తిరగదు!"

"తిరక్కపోతే నవ్వేయండి. అదిగో, మిమ్మల్నే పిలుస్తున్నారు."

అరగంటకి ఆవిడ బయటికొచ్చింది.

"ఏమడిగారు?"

"ఒక గౌను చూపించి, ఇది ట్రెండా ఫ్యాడా అన్నారు. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. గౌను తిరగేసి కుట్లు చూశాను."

"చూసి?"

"'వదులు చేసుకోడానికి లోపల అంగుళం గుడ్డయినా వదల్లేదు. పైయేటికి కూడా వేసుకోవాలని కుట్టింది కాదిది, మూణ్ణాళ్ళ ముచ్చట' అనేశాను, తెలుగులోనే."

"అయ్యో! ఏమన్నారు?"

"పెద్ద మేడమ్ పడీ పడీ నవ్వింది. ఆ మాట పుస్తకంలో రాసుకుని, సోమవారం నుంచి రమ్మంది."

కోడలు వరండా అని కూడా చూడకుండా అత్తగారిని వాటేసుకుని గిర్రున తిప్పేసింది.

"వదలవే, నడుం పట్టేస్తుంది! ఇంతకీ, నేర్చుకొచ్చిన ఇంగ్లీషు మరిచిపోయానంటే, 'నేర్పిందెవరు?' అని మేడమ్ వేళాకోళం చేసింది. మా కోడలే అన్నాను."

"మీరు ఒక్క ముక్క కూడా మాట్లాడలేదుగా!"

"అందుకేగా నీ మీదికి తోసేశాను!"