ఆరని లైటు

భర్త పోయాక రెండు నెలలకు మరిది వచ్చాడు. వచ్చీరాగానే అన్నగారి గదిలోకి వెళ్లి, చొక్కా చేతులు మడిచి, చేపల తొట్టిలోని మొక్కల మధ్య చెయ్యి పెట్టాడు. ఆమె గుడ్డ పట్టుకుని వెనకే నిలబడింది.

"ఇదేంటి వదినా, ఆకుల నిండా నాచు! అన్నయ్య ఆరేళ్లు పెంచిన మొక్కలివి. గొంతు నులిమేశావు కదా!"

"నీళ్లు మారుస్తూనే ఉన్నాను. అద్దాలూ గీకాను."

"గీకితే పోతుందా? తొట్టి లైటు ఎంతసేపు వేస్తున్నావు?"

ఆమె కిందపడ్డ నీళ్లు తుడవసాగింది.

"నిన్నే అడిగేది!"

"అసలు ఆర్పడం లేదు."

"రాత్రీ పగలూనా! వెలుతురు ఎక్కువైతే నాచే కదా బలిసేది? అన్నయ్య రోజుకు ఆరు గంటలకు మించి వేసేవాడా? ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. ఈ గది చీకటిగా ఉంటే గుమ్మం దాటలేకపోతున్నాను. ఆయన ఉన్నప్పుడు ఏడాదికోసారి కూడా తొంగిచూడని వాడివి, ఇప్పుడు మొక్కల తరఫున వకాల్తా పుచ్చుకున్నావా?"

మరిది చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది.

"అవన్నీ ఇప్పుడెందుకు? టైమర్ తెచ్చి బిగిస్తాను. దానంతటదే ఆరిపోతుంది."

"వద్దు. దానంతటదే ఆరిపోవడం ఒకసారి చూశాను, చాలు."

"మరి ఇవి చావాల్సిందేనా?"

"నువ్వొచ్చి ఆర్పు. రోజూ."

"నేనా? నా డ్యూటీ దిగి ఇక్కడికొచ్చేసరికి ఏడవుతుంది!"

ఆమె గుడ్డను బకెట్లో గట్టిగా పిండింది.

"అయితే మధ్యాహ్నం ఒంటిగంటకు వేస్తాను. ఏడింటికి రా. ఆలస్యం చేశావంటే ఆ నాచుకు నువ్వే జవాబు చెప్పాలి."