కాఫీ మిషనుకు స్ప్రేయరు మీటరు

అధ్యక్షస్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ లక్ష్మీనరసింహం గారికి, పెద్దలకు, ఈ సాయంత్రం తన పదవీ విరమణతో మనందరినీ ఇక్కడ కలిపిన ఫిజిక్స్ ల్యాబ్ మెకానిక్ జక్రయ్య గారికి, ఆయన పక్కన మొహమాటంగా కూర్చున్న ఆయన శ్రీమతి ఎలీసమ్మ గారికి నమస్కారం. ఆయన ఇరవయ్యారేళ్ల సర్వీసు గురించి ముందు మాట్లాడినవాళ్లంతా చెప్పేశారు కాబట్టి, నేను మా ఇంటి కాఫీ గురించి చెబుతాను. (నవ్వులు)

కిందటేడు మావారు మద్రాసులో ఏదో వేలంలో ఇటలీ కాఫీ మిషను కొని, సత్తెనపల్లి దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. కాఫీ మాత్రం నోట పెట్టలేని చేదు. పొడి మార్చాను, నీళ్లు మార్చాను, పొడి అమ్మినతనితో పోట్లాడాను. ఇరవై ఏళ్లుగా బీయస్సీ పిల్లలకు పీడనం పాఠం చెబుతున్నదాన్ని, ఆ మిషనులో పీడనం ఎంతుందో కొలవాలని నాకు తోచనే లేదు. అనంతపద్మనాభం మాస్టారూ, మీరు మరీ అంతగా నవ్వక్కర్లేదు. జక్రయ్య గారికి మాత్రం నేను చెప్పీ చెప్పగానే తోచింది.

ఆ ఆదివారం ఆయన, తన బావమరిది పత్తిచేలకని కొన్న పవర్ స్ప్రేయరు నుంచి పీడనం చూపే మీటరు ఊడదీసుకుని వచ్చారు. పురుగుమందు మీటరు వంటింట్లోకా అని మా అత్తగారు రాజరాజేశ్వరి గారు అడ్డం నిలబడ్డారు. ఇంకా మందు తగలని కొత్తదని నచ్చజెప్పి, పొడి నింపే గిన్నె అడుక్కి ఒక ఇత్తడి ముక్కతో దాన్ని బిగించి, ఆయన స్విచ్చి వేశారు. ముల్లు చదరపు సెంటీమీటరుకు పద్నాలుగు కేజీల దగ్గర ఆగింది. మిషనుతో వచ్చిన పుస్తకంలో తొమ్మిదే ఉండాలని రాసి ఉంది. నీళ్లు అంత జోరుగా పొడిని చీల్చుకుపోతుంటే ఇంక రుచెక్కడిది? ఆయన లోపలి వాల్వు స్ప్రింగును కొద్దికొద్దిగా వదులు చేస్తూ, ప్రతిసారీ మీటరు చూస్తూ, తొమ్మిదికి దింపారు. మీటరు తీసి పొడి నింపితే, తేనెరంగు నురగతో చిక్కటి కాఫీ దిగింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పద్దెనిమిదేళ్లుగా మా ఇంటికి ఏ మరమ్మతుకు వచ్చినా, ఆయన కాఫీ పెరట్లో నిలబడే తాగేవారు. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు. నలుగురికి చదువు చెప్పేదాన్ని, అందుకు సిగ్గుపడుతున్నాను. ఆ రోజూ ఆయన సామాను సర్దుకుని పెరట్లోకి నడుస్తుంటే, మా అత్తగారే పిలిచారు.

“ఎక్కడికయ్యా? ఇంత కష్టపడి కుదిర్చి నిలబడి తాగుతావా? కూర్చో.”

ఆయన నావైపు చూశారు. నేను కుర్చీ లాగాను.

“అలవాటు లేదమ్మా” అన్నారాయన.

“మాకూ లేదు. చేసుకుందాం” అన్నారావిడ.

ముగ్గురం ఒకే బల్ల దగ్గర తాగాం. రెండో కప్పు ఆవిడే అడిగారు. (నవ్వులు)

జక్రయ్య గారూ, సోమవారం నుంచి మీరు ల్యాబుకు రారన్నది నాకింకా మింగుడుపడటం లేదు. అయితే ఈ ఆదివారం ప్రార్థన అయ్యాక ఎలీసమ్మ గారు మమ్మల్నందరినీ మీ ఇంటికి భోజనానికి పిలిచారు. మా అత్తగారు బయట మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. ఏ చీర కట్టుకుంటే బావుంటుందని పొద్దున నన్నడిగారు. (చప్పట్లు)

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.