ఎర్రకోటు పక్కన ఓనా ఏడుపు

ఏమే డెలియా, మనింటి మీద వేసే ఆ మాట నీ చెవినా పడిందా? 'ఎర్రకోటుకి ఏడ్చినోళ్ళు' అని. ఎవరన్నారు, ఆ క్విగ్లీ వాళ్ళ పిల్లేనా? సర్లే, దాని నోరు దాని తాత నోరే. ఆ పొయ్యిలో ఇంకో ఎండు పీటుమట్టి గడ్డ వేసి కూర్చో, కాళ్ళు లాగేస్తున్నాయి.

ఓనా అంటే మా అమ్మమ్మకి కన్నతల్లి. ఎవరింట్లో చావొచ్చినా ముందు ఆవిడకే కబురు. శవం పక్కన కూర్చుని, పేరూ వంశం ఎత్తి రాగం తీసిందంటే, బతికున్నోళ్ళు కూడా తమకెలా ఏడుస్తుందో వినాలని ముచ్చటపడేవాళ్ళట. ఏం చెబుతున్నా? ఆఁ, బాలినమక్ యుద్ధం. ఇంగ్లీషు దొరల ఎర్రకోటు సైన్యం చేతిలో ఓడిపోయాక, మనకి తోడొచ్చిన ఫ్రెంచి వాళ్ళనేమో మర్యాదగా బందీలుగా పట్టుకెళ్ళారు. మనవాళ్ళని బురదలో తరిమి తరిమి నరికారు. నరికి దారి పక్కన పడుకోబెట్టి, ఊళ్ళో ఆడవాళ్ళని ఆ దారంట నడిపించారు. ఎవరు తమవాడి దగ్గర ఆగి ఏడిస్తే వాళ్ళింటికి నిప్పు. ఇంట్లో చూస్తే ఓనా మొగుడు మంచంలో ఉన్నాడు, లేవలేడు. దారి పక్కన చూస్తే ఫెలిమ్, ఒక్కగానొక్క కొడుకు, నోట్లో మట్టి. మా అమ్మమ్మ చిన్నపిల్ల, తల్లి శాలువా పట్టుకుని నడుస్తోంది. ఓనా ఆగలేదు.

వాడి పక్కనే వాళ్ళ సిపాయి శవం ఒకటుంది, ఎర్రకోటుతో. దాని దగ్గర కూలబడి ఎత్తుకుంది రాగం. "వానలో గొర్రెపిల్లని చొక్కాలో దాచుకొచ్చే నా తండ్రీ, పొయ్యి దగ్గర నీ చోటు ఖాళీరా" అని. అంతా ఫెలిమ్ గురించే, పేరొక్కటే మింగేసింది. అక్కడున్న దొరకి మన భాష రాదుగా, మెచ్చుకుని రొట్టె ఇప్పించాడు. వద్దంటే అనుమానం, తీసుకుంది. ముందు వెళ్ళిపోయిన ఆడవాళ్ళకి మాటలు వినపడలా, ఏడుపు వినపడింది, రొట్టె కనపడింది.

చెప్పుకోలేదా అంటావా? చెబితే ఇల్లు కాలేది. భయం పోయాక చెబితే ఎవరూ నమ్మలా. మళ్ళీ ఏ చావుకీ పిలవలేదు ఆవిణ్ణి. ఆవిడ పోతే ఏడవడానికి ఒక్కర్తీ గడప తొక్కలేదు. ఊరి సంగతి పోనీ, ఆవిడ దిగులు వేరే. మంచాన పడి కూడా మా అమ్మమ్మని అడిగేదట, "పేరు పిలవలేదు కదే, తనకేనని వాడికి తెలిసుంటుందా?" అని. తెలుసమ్మా అనేది మా అమ్మమ్మ. ఇంకేమంటుంది.

ఆ రోజు పోయినవాళ్ళందర్నీ ఒకే గుంటలో పూడ్చారు, ఆ సిపాయితో సహా. ఏటా ఊరంతా అక్కడికి ప్రార్థనకి పోతుంది కదా, నేను పోతే పక్కకి జరుగుతారు. జరగనీ. మోకాళ్ళేయడానికి చోటు దొరుకుతుంది. ఫెలిమ్ అని గట్టిగానే పిలుస్తాను.

...వాన పట్టేలా ఉంది. ఆ కోళ్ళని లోపలికి తోలు.