నాట్ల పాటలో ఖాళీ

షార్జా అల్ నహ్దాలో తెలుగువాళ్ల వేడుకకు రిహార్సల్ జరుగుతోంది. ఇళ్లలో పనిచేసే ఒకావిడ ఫోన్లో పాట ఆపి, దాన్ని మిక్స్ చేసిన అబ్బాయి వైపు తిరిగింది.

“ఇది మా అమ్మ పాడి పంపిన నాట్ల పాటేనా తమ్ముడూ?”

“అదే అక్కా. స్టేజీ కోసం స్పీడు పెంచాను, శ్రుతీ పెంచాను.”

“అమ్మ గొంతు చంటిపిల్ల గొంతులా కీచుమంటంది. ఈ స్పీడుకి నాటితే నారు చేలో కాదు, గట్టు మీద పడుద్ది.”

“నెమ్మదిగా ఉంటే జనం లేచిపోతారక్కా.”

“పోనీ. ఒక్కో చరణం అయ్యాక అమ్మ ఆగుద్ది కదా, అదేదీ?”

“అక్కడేం లేదక్కా, ఖాళీ. కోసేశాను, ఖలాస్.”

“ఖాళీ అని నీకెవరు చెప్పారు? నాట్లలో ఒకళ్లు పాడితే ఇంకొకళ్లు అందుకోవాలి. అది నా వంతు. ఇంత దూరంలో ఉన్నా అందుకుంటానని మా అమ్మే ఆగింది. తొందరపెట్టడానికి నువ్వెవరివి?”