జేబులో రెండో ఫోను

దేగులో కాబోయే అల్లుడి తల్లిదండ్రులతో మధ్యాహ్నం భోజనం ముగించుకుని, మన్‌చొల్, అతని భార్య ఓక్‌సున్ గుమి వెళ్ళే రైలెక్కారు. కూతురు బొరమ్ అక్కడే ఉండిపోయింది. తండ్రి నోటి నుంచి ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆ మాట గుమి వచ్చేలోపు రాబట్టాలని ఓక్‌సున్ పట్టుదల.

"అది కాదండీ నేనడిగేది. పెళ్ళి తేదీ ఎందుకు పెట్టలేదని."

"కమలాపండు ఒలువు."

"ఒలుస్తాను. తేదీ సంగతి చెప్పండి."

"చెప్పాగా. ఇంటికెళ్ళి ఫోను చేస్తానని చెప్పాను."

"అలా ఎవరైనా అంటారా? పాపం ఆ పెద్దాయన మంచిరోజులు చూపించుకుని, మార్చిలో మూడు తేదీలు కాగితం మీద అందంగా రాసుకొచ్చాడు. మీరేమో దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఇంటికెళ్ళి చెప్తానన్నారు. వాళ్ళావిడ చేతిలో చెంచా చేతిలోనే ఉండిపోయింది. బొరమ్ మొహం చూశారా?"

"చూశాను."

"నాన్న ఊఁ అనకపోతే ఈ పెళ్ళి వద్దని ఆ అబ్బాయితో ముందే చెప్పిందట. ముప్ఫై రెండేళ్ళ పిల్ల. అలా అనాల్సిన అవసరం దానికేముంది చెప్పండి? మీ మీద గౌరవం కొద్దీ అంది."

"తొనల మీద ఆ తెల్ల నార కూడా తియ్యి."

"బొరమ్ నాన్నా."

"వింటున్నాను బొరమ్ వాళ్ళమ్మా."

"అబ్బాయిలో ఏం లోపం కనబడింది మీకు?"

"లోపమేముంది. ఎత్తు బాగుంది. పక్కటెముకల పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు, తిండికి మొహమాటం లేదు. బడిపంతులు. పెద్దవాళ్ళ గ్లాసుల్లో మర్యాదగా రెండు చేతులతో పోశాడు. వాళ్ళ నాన్న కళ్ళజోళ్ళ ఫ్రేములు చేస్తాడు, చేతిపని తెలిసిన మనిషి. నాకు నచ్చారు."

"ఫోను కూడా మీ కంపెనీదే. చూశారు కదా?"

"చూశాను. నల్లది."

"ఈ రోజుల్లో ఆ వయసు కుర్రాళ్ళలో మన ఫోను వాడేవాడు ఎక్కడ దొరుకుతాడండీ? అందరూ ఆ పండు గుర్తు ఫోనే. ఫోను చూసి మనిషెవరో చెప్పేస్తానని మీరే అంటారుగా."

"అంటాను."

"మరి?"

"చెప్పేశాను. చాంగ్‌సిక్."

"ఏమిటి?"

"నీ తమ్ముడు చాంగ్‌సిక్. ఆ ఫోను అతనిది. మూడేళ్ళ కిందట మా కంపెనీ పాత ఉద్యోగులకిచ్చే రాయితీలో నేనే కొనిపెట్టాను. ఇంటికి తెచ్చి, పెట్టె విప్పి, అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా నేనే అంటించాను. ఓ మూల చిన్న బుడగ ఉండిపోయింది. నేనంటించిన బుడగ నాకు తెలీదా?"

ఓక్‌సున్ ఒలిచిన పండంతా అతని చేతిలో పెట్టేసింది.

"బుడగలు అందరి ఫోన్లకీ ఉంటాయి."

"ఉంటాయి. వానపాములు కూడా అందరి ఫోన్లకీ వస్తాయా?"

"వానపాములేమిటి?"

"నువ్వు అప్పుడు చేతులు కడుక్కోడానికి వెళ్ళావు. అబ్బాయి కొండ ఎక్కిన ఫొటోలు చూపిస్తానని ఫోను తీశాడు. వాళ్ళమ్మ ఇటు, నేను అటు వంగి చూస్తున్నాం. కొండ లేదు, బొరమ్ లేదు. ఉన్నవన్నీ చేపలు. చేపని కొలబద్ద పక్కన పెట్టి తీసినవి, చేపని బూటు పక్కన పెట్టి తీసినవి. ఇంతలో పైన ఒక మెసేజి దిగింది. తమ్ముడూ, వానపాములు నువ్వు తెస్తున్నావా, నన్ను తెమ్మంటావా, అని."

"అయ్యో."

"నవ్వకు."

"నేను నవ్వడం లేదు. తర్వాత?"

"వాళ్ళమ్మ అడిగింది, వానపాములేమిట్రా జిన్‌ప్యో అని. ఒక్క క్షణం ఆలోచించలేదు. సైన్సు పాఠానికమ్మా, పిల్లలకి చూపించాలి, అన్నాడు."

"తెలివైనవాడు."

"అదే నేను కూడా అనుకున్నాను. సరే చూద్దామని, నా పేరూ నంబరూ రాసుకో బాబూ అన్నాను. మీ తమ్ముడి ఫోనులో మాలాంటి పెద్దవాళ్ళు కొట్టే మీటలు కదా, అచ్చులన్నీ మూడు మీటల్లోనే కూడబలుక్కోవాలి. ఆ అబ్బాయి పుట్టాక దాన్ని ముట్టుకున్నట్టు లేదు. ఇంటిపేరుతో కలిపి నా పేరు మూడక్షరాలు. ఆ మూడక్షరాలతో అతను కుస్తీ పట్టేసరికి నా చేపముక్క చల్లారిపోయింది. చెమట తుడుచుకుని చూపించాడు. ఏం రాశాడో తెలుసా?"

"ఏం రాశాడు?"

"మామయ్య అని రాశాడు. పేరు చేతకాక."

"అందులో తప్పేముంది? ముద్దుగా ఉంది."

"అంతసేపూ అతని ప్యాంటు జేబులో ఇంకో ఫోను తేనెటీగలా రొద పెడుతూనే ఉంది. వాళ్ళ నాన్నకీ వినబడింది. ఆయన టీ గ్లాసు గట్టిగా కింద పెట్టి, ఈ ఏడాది చలి తొందరగా వచ్చింది అన్నాడు. నేను అవునన్నాను. నువ్వొచ్చాక కూడా అందరం కలిసి చలి గురించి పావుగంట మాట్లాడుకున్నాం."

"అన్నీ తెలిసే కూర్చున్నారన్నమాట."

"ఫోన్ల లైనులో ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను ఓక్‌సున్."

"తెలిసి, ఏమీ తెలియనట్టు పులుసు తాగారు."

"పులుసు బాగుంది."

"సరే. పండు ఫోను వాడుతున్నాడు. ఏం చేస్తారిప్పుడు? ఆ ఒక్క కారణానికి పిల్లనివ్వరా?"

"పండు వాడుకోనీ, కాయ వాడుకోనీ. ఈ రైలు పెట్టెలో ఎంతమంది చేతుల్లో ఉందో చూడు. అందరితో దెబ్బలాడతానా? నాకు నచ్చనిది అది కాదు. తన వస్తువు జేబులో పెట్టుకుని, పరాయివాడి వస్తువు నాదని నా కళ్ళలోకి చూసి చెప్పాడు. అదీ తడుముకోకుండా. ఇవాళ ఫోను. రేపు బొరమ్‌తో ఇంకేదో. అది నాకు మింగుడు పడలేదు. అందుకే తేదీ పెట్టలేదు."

"అంటే వద్దనడానికే ఇంటికెళ్తున్నారా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. రైలు వేగ్వాన్‌లో ఆగి బయల్దేరింది. ఇక మిగిలింది పావుగంటే.

"బొరమ్ నాన్నా, ఇటు చూడండి. ఆ ఫోను ఇప్పించింది నేను."

"ఊఁ."

"పిల్లవాడు వద్దన్నాడు. అత్తయ్యా, నేనేం వాడతానో అదే తెస్తాను, తిడితే తిట్టించుకుంటాను, అన్నాడు. నేనే బతిమాలాను. బొరమ్ కూడా వద్దంది. నేనే నిన్న బస్సెక్కి వెళ్ళి చాంగ్‌సిక్ దగ్గర తీసుకుని అబ్బాయి చేతిలో పెట్టాను. ఆ చేపల ఫొటోలు తీసెయ్యాలని నాకు తట్టలేదు. తప్పుంటే నన్ననండి."

"నువ్వెందుకు చేశావీ పని?"

"ఎందుకు చేశానా? సంగుక్ మన గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయింది?"

"మా అన్నయ్య కొడుకా? వాడికి సియోల్‌లో పని ఎక్కువ."

"పని కాదు. క్రితం ఏడు పంటల పండక్కి వచ్చినప్పుడు వాడి చేత ఏం చేయించారు? గుమ్మం పక్కన బూట్లు పెట్టే అరలో, ఆ బూట్ల పక్కన వాడి ఫోను పెట్టించారు. ఈ ఫోను మా ఇంట్లోకి రాదు అన్నారు."

"అది సరదాకి. అందరూ నవ్వారు."

"వాడు కూడా నవ్వాడు. కొత్త పెళ్ళాం ముందు నవ్వక ఏం చేస్తాడు? ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ఈ ఏడు పండక్కి రాలేదు, మొన్న తద్దినానికీ రాలేదు. మీ వదిన ఫోనులో నాతో చెప్పి ఏడ్చింది. మీకు చెప్పొద్దంది."

"అందుకా రానిది?"

"అందుకే."

"ఫోను అరలో పెట్టించినందుకా?"

"ఫోను కాదండీ. వాడు మీకు సొంత కొడుకులాంటివాడు. వాడిని గుమ్మం దగ్గరే ఆపినట్టయింది. రేపు అల్లుడు కూడా అలా రావడం మానేస్తే, అతని వెనకే బొరమ్ కూడా మానేస్తుంది. దానికి భయపడి ఇప్పించాను."

అతను తొనలు ఒక్కొక్కటే తిని, తొక్కలన్నీ జాగ్రత్తగా కాగితంలో చుట్టాడు.

"చేసింది నువ్వే అనుకుందాం. చెప్పింది అతనే కదా. వానపాముల పాఠం నువ్వు నేర్పలేదు కదా. ఎదుటివాడి కోసమే అయినా, అంత నున్నగా అబద్ధమాడే మనిషితో బతకడం కష్టం ఓక్‌సున్."

"కష్టమా? మీరు బతకడం లేదూ?"

"నేనా?"

"ఆరేళ్ళుగా బతుకుతున్నారు. ఫ్యాక్టరీలో నేనేం పని చేస్తున్నానని అడిగితే ఏం చెప్తాను మీకు?"

"కార్ల వెనక కెమెరాలు చూస్తానని చెప్తావు. తయారైన కన్ను మీద మచ్చ ఉందా, గీత ఉందా అని."

"కన్ను మాట నిజం. కారు మాట అబద్ధం. రోజుకి ఎనిమిది గంటలు ఆ తెల్ల ముసుగేసుకుని నేను చూసి పంపేవి కార్లకి కాదు. మీరు ఇంట్లోకి రానివ్వనంటారే, అదిగో ఆ..."

"ఆగు."

"ఆగను. ఇవాళ చెప్పేస్తాను. ఆ..."

"ఆ పేరెత్తకు. రైల్లో ఉన్నాం. చేరినరోజు కాగితాల మీద సంతకం పెట్టావు కదా, సరుకు ఎవరికి పోతుందో ఇంట్లో కూడా చెప్పనని. పేరు బయటపడితే ఉద్యోగం పోతుంది."

"సంతకం పెట్టానని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరెలా తెలుసు?"

"నీకు ప్రతి ఏడూ జూన్ నెలాఖరుకి ఆదివారం సెలవులు ఆగిపోతాయి. చిక్కిపోతావు. అన్నం తింటూ తింటూ కునుకు తీస్తావు. ఆ కంపెనీ కొత్త ఫోను బజార్లోకి వచ్చి కాస్త సద్దుమణిగాక మళ్ళీ మనిషివవుతావు. ఏ కార్లు అలా అమ్ముడుపోతాయి, ఏడాదికోసారి? ఇవాళ్టి భోజనాలు సెప్టెంబరులో పెట్టుకుందామని వాళ్ళంటే, నవంబరు దాకా వీలుపడదన్నది ఎవరు? మేము కూడా కొత్త ఫోను ముందు అలాగే చచ్చేవాళ్ళం. ఆ మాత్రం లెక్క నాకు తెలీదా?"

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి ఏడే."

"ఆ నాలుగు నెలలూ మీరే బట్టలు ఉతికి, వంట చేసి, ఊరికే కూర్చోలేక అని చెప్పేవారు. అందుకా?"

"ఇంట్లో ఊరికే కూర్చోలేకే. ఆ అబ్బాయి నంబరు తియ్యి."

"ఏమంటారు?"

"నంబరు తియ్యవోయ్. చాంగ్‌సిక్‌ది కాదు. జేబులో రొద పెట్టినదాని నంబరు."

ఓక్‌సున్ కళ్ళద్దాలు పెట్టుకుని నంబరు వెతికింది. వేలు రెండుసార్లు తప్పు చోట పడింది. అతను ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"హలో. నేను బొరమ్ నాన్నని. లేచి నిలబడక్కర్లేదు, కూర్చో. మార్చి రెండో శనివారం అని మీ నాన్నగారితో చెప్పు. ఆఁ, ఆ కాగితంలో నడిమిది. రాసుకో. నీ ఫోనులో రాసుకో అన్నాను, నీ దాన్లో. ఆ ఇంకోటి తీసుకెళ్ళి మా బామ్మర్దికిచ్చెయ్, పాపం చెరువు దగ్గర ఎవరో కాచుకుని ఉన్నారు. ఇదిగో, ఇంకో మాట. మీ ఇద్దరూ మా ఇంటికొచ్చినప్పుడు బూట్లొక్కటే అరలో పెట్టండి. ఏమిటి? బొరమ్ ఏడుస్తోందా? దానికివ్వు. వద్దులే, ఏడవనీ. ఉంటాను."

"మార్చి రెండో శనివారం."

"ఊఁ. సంగుక్ నంబరు కూడా తియ్యి. వాడిని నేనే పిలుస్తాను. పెళ్ళాన్ని కూడా."

"తీస్తాను. ముందు నాకు ఒక్కటి చెప్పండి."

"స్టేషను వచ్చేస్తోంది. సంచి అందుకో."

"సంచి తర్వాత. అబ్బాయి అబద్ధమాడాడు, మింగుడు పడలేదన్నారుగా. ఇప్పుడెలా పడింది?"

"దాచుకోవడం బాగా వచ్చినవాడు. మనింట్లో ఇట్టే కలిసిపోతాడు."

"వేళాకోళం చాలు. మొదటి ఏడే తెలిసిందన్నారు. మరి ఈ ఆరేళ్ళూ ఆ ఫోను కనబడితే చాలు ఎందుకలా ఎగిరారు? టీవీలో దాని ప్రకటన వస్తే ఛానల్ మార్చారు. సంగుక్ చేత బూట్ల పక్కన పెట్టించారు. నేను ఒక్కొక్క మాటకీ లోపల్లోపల చచ్చేదాన్ని. అదంతా దేనికండీ?"

"తిట్టడం మానేస్తే, నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోదూ?"