రెండు మూతల స్పిరిట్

త్రినాథరావు గారి హాలు. గోడ పొడవునా అద్దాల బీరువాలు, వాటి నిండా ఆవిరితో నడిచే పాతకాలపు బొమ్మ ఇంజిన్లు. వాటిని బాగుచేసే నీలకంఠం ఇవాళ రాలేదు, అతని భార్య అసిరమ్మ వచ్చింది.

“మెల్లిగా, మెల్లిగా పెట్టు అసిరమ్మా. ఎనభై ఏళ్ళ నాటి సరుకది. పొగగొట్టం పట్టుకోకు, అడుగున పట్టుకో.”

“అడుగునే పట్టుకున్నాను బాబూ. సీరలో సుట్టి తెచ్చాను.”

“వాడు రాకుండా నిన్ను పంపాడేం? రేపు కలకత్తా నుంచి మనుషులొస్తున్నారు దీన్ని చూడ్డానికి. ఇవాళ వచ్చి ఈల మోగించి చూపిస్తానన్నాడు నాతో.”

“ఒంట్లో బాగోనేదు.”

“ఎప్పుడూ ఏదో ఒకటి. ఇదేవిటి, ఈ అతుకేవిటి ఇలా ఉంది? ఈల మొదట్లో చూడు, ముద్దలా పోశాడు. వాడి అతుకు వేలు పెట్టినా తెలిసేది కాదే.”

“తడుంకుంటా ఏసాడు బాబూ. సేతివేళ్ళు కాలిపోనాయి.”

“తడుముకుంటూ ఏవిటి? కరెంటు పోయిందా, తాగి చేశాడా?”

“తాగుతాడని తమకి తెల్సా బాబూ?”

“నాకా? నాకేం తెలుసు. హార్బర్లో ఐసు ప్లాంటులో పనిచేసినవాడు కదా, ఏదో అన్నాను. వదిలెయ్.”

“నాకు తెల్దు. నాను మానేసాడనుకున్నాను. ప్లాంటు మూసేసాక గోడకేసి సూసుకుంటా కూకునీవోడు. మీ పని పట్టిన కాడ్నించి వైన్ షాపు గడప తొక్కనేదు. తెల్లారితే ఇంజిన్, పొద్దుగూకితే ఇంజిన్. సింహాద్రప్పన్నకి మీ పేర్నే కొబ్బరికాయ కొట్టాను బాబూ. మొన్న వంజరం సేప ఎందుకు తెచ్చాననుకున్నారు?”

“బాగుంది చేప. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.”

“ఇంటినిండా ఒకటే వాసనొచ్చీది. ఏటిది అంటే, నీళ్ళు కాగడానికి ఇంజిన్ కింద దీపంలో పోసీ స్పిరిట్టే అనీవోడు. నిజమే కదా అనుకునీదాన్ని.”

“సరే సరే. నీళ్ళు పోశాడా లోపల?”

“పోసాడు. పక్కింటోళ్ళ ఏసీ కారిన నీళ్ళు పట్టించి మరీ. కుళాయి నీళ్ళయితే లోపల ఉప్పు కడతాదంట.”

“దీపంలో స్పిరిట్?”

“అది నేదు. సీసా తెచ్చాను, మీరిచ్చిందే. నా కాడుందని ఆడికి తెల్దు.”

“తెలియకపోవడం ఏవిటి? అసలేమైంది వాడికి?”

“నిన్న పొద్దున్న లేసి, లైటెయ్యవే అన్నాడు. ఎండ మంచం మీదికొచ్చేసింది. ఇంకా లైటెయ్యవే, లైటెయ్యవే అంటన్నాడు.”

“అయ్యో.”

“డాక్టరమ్మ అడిగింది, ఏటి తాగాడని. ఏటీ తాగడమ్మా, మానేసాడు అన్నాను. నాను. ఒట్టేసి మరీ సెప్పాను. ఆయమ్మ నా మొకం కేసి సూసింది బాబూ, సిగ్గుతో సచ్చిపోయాను. ఈ స్పిరిట్ తాగితే కంటి నరం సచ్చిపోతాదంట. ఇంక సూపు రాదన్నాది.”

“చూడు, నాకేం సంబంధం లేదిందులో. సీసా మీద విషం అని రాసే ఉంటుంది. పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. నేనిచ్చింది ఇంజిన్ కోసం.”

“ఇంజిన్ కోసమే.”

“ఇంజిన్ కోసమే. పరీక్ష చెయ్యాలంటే ఒకసారా, పదిసార్లు వెలిగించాలి. ఎంతైనా ఖర్చవుతుంది.”

“అలాగే బాబూ. పొయ్యండి మరి, దీపంలో. సీసా మూతతో పొయ్యండి. నాను సూత్తాను.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఒకటి.”

“అసిరమ్మా...”

“రెండు. అదేటి, ఆపేసారు?”

“నిండిపోయింది.”

“రెండు మూతలకేనా? సీసా సీసాలాగే ఉంది కదా బాబూ. మిగిల్నదాంతో ఏటి సేత్తాడనుకున్నారు, ఇన్నాళ్ళూ?”

“వాడే అడిగాడు. కూలి వద్దు, ఇంటికి తీసుకెళ్తే అసిరమ్మ లాక్కుంటుంది, సీసాలిస్తే చాలన్నాడు. కాదంటే పని మానేసేవాడు. ఈ పని తెలిసినవాడు ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడు చెప్పు?”

“తెల్సే ఇచ్చారన్నమాట.”

“ఇంత పని అవుతుందనుకోలేదు. వైద్యం నేను చేయిస్తాను. హైదరాబాదు తీసుకెళ్దాం, పెద్ద డాక్టర్లకి...”

“ముందు ఎలిగించండి. ఈల మోగాల.”

“ఈలేవిటి ఇప్పుడు? ఎవరికి వినిపించాలి?”

“ఆడికే. మీ గేటు కాడ ఆటోలో కూకున్నాడు. ఈల ఇనందే కదలనన్నాడు.”

“ఇక్కడికే వచ్చాడా? ఎందుకు? గొడవ చెయ్యడానికా?”

“గొడవేటీ నేదు. మీ మీద కోపం కూడా నేదంట. నాకుంది, ఆడికి నేదు. ఈల మోగితే పనైపోయినట్టే కదా, పోయిన కళ్ళు ఎలాగూ రావు కదా అంటన్నాడు. బాబుగార్నడిగి ఇంకో సీసా తెమ్మన్నాడు.”